తాత టంకం, మా గిటార్ పెడల్

ముళబాగిలు ఇల్లు అమ్మినప్పుడు బెంగళూరికి మూడే వస్తువులు తెచ్చుకున్నాము: జేజి రోలు, గోడ గడియారం, తాత పనిముట్ల చెక్కపెట్టె. రోలు గురించి, గడియారం గురించి ఇంతకుముందే రాసినాము. పెట్టె గురించి ఎందుకు రాయలేదంటే, అందులో ఉన్నవాటి పేర్లు మాకు తెలియవు. పేరు తెలియని వస్తువు గురించి ఏం రాస్తాము?

తాత కంసాలి. నాయన దూరవాణి నగర్‌లో టెలిఫోన్ ఫ్యాక్టరీలో తీగలు అతికే పని చేసి రిటైరైనాడు. మేమిద్దరం అన్నదమ్ములం. మాలో పెద్దోడిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, చిన్నోడిది గిటార్. ఇద్దరమూ పదో తరగతి దాకా కన్నడ మీడియమే. కన్నడ అక్షరాల పోలిక పట్టుకుని తెలుగు చదవడం మా అంతట మేమే నేర్చుకున్నాము. ఈ రాతలో కన్నడ వాసన తగిలితే సర్దుకోండి, కోలారు సీమ ఇళ్లలో అది మామూలే.

ఈసారి రాసేది ఇంట్లో మేము తయారు చేసిన ఓవర్‌డ్రైవ్ పెడల్ గురించి. వంశం కథల మధ్యలో గిటార్ ఏమిటి అని అనుకోవద్దు. పెట్టె కథ కూడా ఇందులోనే ఉంది.

ఓవర్‌డ్రైవ్ అంటే గిటార్ సద్దును కావాలని కొంచెం చెడగొట్టడం. పాతకాలం వాల్వ్ ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి పెంచితే సద్దు నిండుగా, కొంచెం గరగరగా వస్తుంది. ఆ గరగర మొదట లోపమే. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ రికార్డు చేస్తుంటే, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ మిక్సింగ్ కన్సోల్‌లో చెడిపోయిన భాగం గుండా పోయి బర్రుమంది. దాన్ని తీసేయకుండా అట్లనే ఉంచినారు. మరుసటి ఏడు పాట బాగా ఆడింది. 1962లో ఆ బర్రునే డబ్బాలో పెట్టి మాస్ట్రో ఫజ్‌టోన్ అని అమ్మినారు. 1964లో కింక్స్ బ్యాండు డేవ్ డేవిస్ అయితే బ్లేడుతో స్పీకర్ కాగితాన్నే కోసుకున్నాడు. 1970ల చివర్లో జపాన్‌లో సుసుము తమురా రూపొందించిన సర్క్యూట్ ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ పేరుతో వచ్చింది. మేము చేసింది ఆ సర్క్యూట్‌నే కొంచెం తగ్గించి.

టెస్టర్ ఉద్యోగంలో లోపం కనబడితే టికెట్ రాసి, అది పోయేదాకా వెంటబడతాము. ఇక్కడ లోపాన్ని దాచిపెట్టుకుని, నాబ్ తిప్పి ఎంత కావాలంటే అంత వాడుకుంటారు. మాలో పెద్దోడికి ఆశ పుట్టింది అక్కడే. చిన్నోడి అవసరం వేరే. అపార్ట్‌మెంట్‌లో ఆంప్ పెద్దగా పెట్టలేడు. పెడల్ ఉంటే తక్కువ సద్దులోనే ఆ గరగర వస్తుంది.

నాయనకు ఆ గరగర గిట్టదు. “స్పీకర్ చినిగినట్టుండాది, బాగుచేయించుకో రా” అనేవాడు. అసలు కోపం స్పీకర్ మీద కాదు. చిన్నోడు ఉన్న ఉద్యోగం వదిలి బ్యాండుతో తిరుగుతున్నాడు. రెండేళ్లుగా వాళ్లిద్దరి మధ్య “తిన్నావా”, “తలుపు వేసుకో” తప్ప మాటల్లేవు.

సామాన్లు అన్నీ ఎస్‌పీ రోడ్డులో దొరికినాయి. బెంగళూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. రెసిస్టర్ కావాలన్నా కంప్యూటర్ కావాలన్నా అక్కడికే పోతాము. 4558 అనే ఎనిమిది కాళ్ల చిప్పు, 1ఎన్4148 డయోడ్లు రెండు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, మూడు పాట్లు, డాట్ బోర్డు, గిటార్ జాక్‌లు రెండు, తొమ్మిది కాళ్ల ఫుట్ స్విచ్చు, అల్యూమినియం డబ్బా. అంతా కలిపి వెయ్యి రూపాయలు కొంచెం దాటింది. అందులో ఎక్కువ భాగం స్విచ్చుదీ డబ్బాదే.

సర్క్యూట్‌ను మాకు అర్థమైన మాటల్లో చెప్తాము. గిటార్ నుంచి వచ్చేది చిన్న వోల్టేజి, వోల్టులో పదో వంతు చుట్టుపక్కల. చిప్పు దాన్ని పెంచుతుంది. ఎంత పెంచాలన్నది రెసిస్టర్ల లెక్క. కింద 4.7 కిలో ఓమ్‌లు, పైన 51 కిలో ఓమ్‌లు, ఆ పైదానితో వరసగా 500 కిలో ఓమ్‌ల డ్రైవ్ పాట్. నాబ్ పూర్తిగా తగ్గిస్తే సుమారు 12 రెట్లు, పూర్తిగా పెంచితే సుమారు 118 రెట్లు. చిప్పు పెంచినదాన్ని వెనక్కి తెచ్చే దారిలో రెండు డయోడ్లు ఎదురెదురుగా ఉంటాయి. అల 0.6 వోల్టు దగ్గరికి రాగానే డయోడ్ తెరుచుకుంటుంది, అక్కడి నుంచి పెంపు తగ్గిపోతుంది. అల నెత్తిని కత్తితో కోసినట్టు కాదు, ఆకురాయితో అరగదీసినట్టు గుండ్రమవుతుంది. ఆ 4.7 కిలో ఓమ్‌ల కింద 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. అది 720 హెర్ట్జ్‌కు కిందుండే స్వరాలను ఎక్కువ పెంచనివ్వదు, అందుకే లావు తీగలు వాయించినా గజిబిజి కాదు.

బ్యాటరీ 9 వోల్టులు. రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో దాన్ని సగం చేసి 4.5 తీసుకుంటాము. ఎందుకంటే అల పైకీ పోవాల, కిందికీ రావాల. ఉయ్యాల నేలకు తగలకుండా ఊగాలంటే కొంచెం ఎత్తులో కట్టాల కదా, అట్ల.

ఇదంతా మా తలలో కన్నడలోనే నడిచింది. బడిలో చదివింది రోధ, విద్యుత్ ప్రవాహ, అరెవాహక. తెలుగులో నిరోధం, అర్ధవాహకం అంటారని చాలా తర్వాత తెలిసింది. తెలుగు మాకు అన్నం, పెళ్లి, చావు, తిట్టు. కరెంటు గురించి తెలుగులో మాట్లాడవచ్చని ఎప్పుడూ అనిపించలేదు.

రెండు రోజులు నాయన వరండాలో నుంచి చూస్తూ ఉండె. మూడో రోజు లోపలికి వచ్చి, “టంకం అట్ల పెట్టరు, జరగండి” అన్నాడు.

టంకం! సోల్డర్‌కు కన్నడలో బెసుగె అని చదువుకున్నాము, ఇంట్లో ఈ మాట మాత్రం ఎన్నడూ వినలేదు. నాయన తాత పెట్టె తెప్పించి ఒక్కొక్కటీ చేతికి తీసుకున్నాడు. “ఇది ఊదుగొట్టం. ఇది శ్రావణం. ఇది ఆకురాయి. ఈ డబ్బీలో తెల్లగా ఉండేది వెలిగారం.” ఇదివరకు పేర్లు అడిగితే “ఏమో రా, మర్చిపోయినా” అన్న మనిషే. చేతిలో పట్టుకోగానే పేరు దానంతట అదే వచ్చింది.

తాత బంగారానికి పెట్టే టంకం కూడా బంగారమేనంట. దాంట్లో కొంచెం వెండి, రాగి కలిపితే నగ కంటే ముందు కరుగుతుంది. అతుకు చుట్టూ వెలిగారం పూసేది, మంటలో లోహం మీద మకిలి పట్టకుండా, టంకం బాగా పారడానికి. మేము వాడేది తగరం, సీసం కలిసిన తీగ, 60కి 40. లోపల ఫ్లక్స్ ఉంటుంది, అదే దాని వెలిగారం. (సీసం కాబట్టి కిటికీ తెరిచి పెట్టుకోండి, పని అయినాక చేతులు కడుక్కోండి.) ఫ్యాక్టరీలో అందరూ సోల్డరింగ్ అంటుంటే నాయన మనసులో మాత్రం టంకం అనే అనుకునేవాడంట.

“కాలును కాల్చు, టంకాన్ని కాదు. లోహం కాగితే టంకం తనే పారుతుంది. తొందరపడితే గుండు కట్టి కూర్చుంటుంది. మీ తాత నాకు చెప్పింది ఇదే, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు చెప్పిందీ ఇదే.”

నాయన చేతులు ఇప్పుడు వణుకుతాయి. ఐరన్ పట్టుకోలేడు. అందుకని డయోడ్ కాలును శ్రావణంతో పట్టుకున్నాడు. అట్ల పట్టుకుంటే వేడి డయోడ్ లోపలికి పోకుండా శ్రావణంలోకి పోతుంది. చిన్నోడు ఐరన్ ఆనించినాడు. “ఇయ్యి... ఇంకొంచెం... చాలు.” రెండేళ్లలో వాళ్లిద్దరి మధ్య నడిచిన పొడుగైన సంభాషణ అదే. అతుకులన్నీ అట్లనే అయినాయి. ఆరినాక ప్రతి అతుకూ మెరిసింది. మెరవకపోతే ఒప్పుకునేవాడు కాదు.

డబ్బాలో పెట్టకముందే పరీక్షలు. ఇది మాలో పెద్దోడి వంతు. చిప్పు ఎనిమిదో కాలు దగ్గర 9 వోల్టులు, నాలుగో కాలు దగ్గర సున్నా, ఒకటో కాలు, ఏడో కాలు దగ్గర 4.5. అన్నీ సరిగానే ఉన్నాయి, అయినా సద్దు రాలేదు. ఒక తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికి, ఇంకో కొస ఆంప్‌కు కలిపి, సర్క్యూట్‌లో ఒక్కో చోట తాకిస్తూ పోయినాము. వాల్యూమ్ పాట్ దాకా సద్దు ఉంది, జాక్ దాటితే లేదు. కొత్త జాక్‌లోనే లోపలి రేకు పిన్నుకు తగలడం లేదు. జాక్ మార్చినాము, పలికింది.

చిన్నోడు డయోడ్లు మార్చి మార్చి చూసినాడు. సిలికాన్ తీసి ఎర్ర ఎల్ఈడీలు పెడితే అవి 1.7 వోల్టుల దగ్గర గానీ తెరుచుకోవు. సద్దు పెద్దదై గరగర తగ్గింది. మళ్లీ సిలికాన్ పెట్టి డ్రైవ్ నాబ్ కొంచెం కొంచెం పెంచుతున్నాడు. నాయన తల పక్కకు వాల్చి విని, “ఆగు. ఇది తంబురా నూలుపోగు కదరా” అన్నాడు.

నాయన శనివారం భజనకు పోతాడు. అక్కడ తంబురా మెట్టు మీద ప్రతి తీగ కిందా ఒక నూలుపోగు ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి జరిపితే మొద్దుగా ఉండే తీగ ఒక్కసారిగా జుమ్మని నిండుగా పలుకుతుంది. పోగు చేసేది తీగ అలను చెదరగొట్టి పైస్వరాలను లేపడం. డయోడ్ చేసేదీ అలను మార్చి పైస్వరాలను పుట్టించడమే. పద్ధతి వేరు, పని ఒకటే. మూడు వారాలుగా సర్క్యూట్ బొమ్మలు చూస్తున్న మాకు తట్టనిది ఆయన చెవికి తట్టింది. “పోగు ఎక్కువైతే తంబురా కూడా గోల చేస్తుంది. తగ్గించు” అన్నాడు. చిన్నోడు తగ్గించినాడు. ఆయన చెప్పిన చోటే బాగుంది.

ఆ రాత్రి పదకొండు దాకా ఇద్దరూ మాట్లాడుకుంటా కూర్చున్నారు. ఉద్యోగం మాట రాలేదు. అది తెగిన విషయం కాదు, ఇప్పటికీ తెగలేదు. కానీ మాట్లాడడానికి ఇంకొకటి దొరికింది.

డబ్బాకు స్విచ్చు రంధ్రం 12 మిల్లీమీటర్లు కావాల. మా డ్రిల్లు 10 దాటదు. మిగిలింది తాత ఆకురాయితో నాయనే అరగదీసినాడు. ఆ పనికి చేయి వణికినా పరవాలేదు.

ఇదంతా అయినాక మాకు ఒకటి అనిపించింది. మన ఇళ్లలో తెలుగు అంటే పాట, పద్యం, పండగ అనుకుని వాటినే కాపాడుకుంటాము. పనిలో ఉండే తెలుగు చడీచప్పుడు లేకుండా పోతుంది. మీ ఇంట్లో కంసాలి పని, వడ్రంగం, కమ్మరం, నేత తెలిసిన పెద్దవాళ్లు ఉంటే పనిముట్ల ఫోటో తీసి ఊరుకోవద్దు. వాటితో ఒక్క పని, చిన్నదైనా సరే, చేయించుకోండి. అడిగితే రాని మాటలు పని చేస్తుంటే వస్తాయి.

చిన్నోడు ఇప్పుడు ఫజ్ పెడల్ చేద్దామంటున్నాడు. దానికి పాతరకం జర్మేనియం ట్రాన్సిస్టర్లు వెతకాల. వచ్చే ఆదివారం ఎస్‌పీ రోడ్డుకు తనూ వస్తానన్నాడు నాయన.