వదినగారి ముగ్గులు ఎక్కడ పెట్టాలి?

వదినగారూ, బట్టలు ఆరేయడం అయ్యాక ఓసారి ఇలా గోడ దగ్గరకి రండి. మీ ముగ్గుల పేజీ పోయిందని మీ అమ్మాయి చెప్పినప్పటినుంచీ నాకు ఒకటే బాధగా ఉంది. ఇన్నేళ్ల ధనుర్మాసం ముగ్గులన్నీ అందులోనే ఉన్నాయి కదండీ, ‘15 చుక్కలు, 8 వరకు సందు చుక్క’ అని ప్రతిదాని కిందా లెక్కతో సహా. ‘నియమాలు ఉల్లంఘించారు’ అని ఒక్క ముక్క రాసి ఆ కంపెనీవాళ్లు మూసేశారట. ఏ నియమమో చెప్పరు. అడుగుదామంటే అవతల మనిషే ఉండడు.

మీరు ఏదో తప్పు చేశారని మాత్రం అనుకోకండి. 2019లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతానే ట్విట్టర్ ఆపేసింది. హిట్లర్ రోజుల్లో గుంపంతా చెయ్యి చాచి వందనం చేస్తుంటే ఒక్క మనిషి మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డ పాత ఫొటో ఒకటుంది. మొదట ఆపింది ఆ ఫొటో పెట్టుకున్నందుకే. ఆయన లాయరు కాబట్టి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. మనం ముగ్గుల కోసం ఏ కోర్టుకి పోతాం? ఆ కోపంలోనే మన దేశంలో ఎంతోమంది ట్విట్టర్ వదిలి మాస్టొడాన్ అనే చోటికి వెళ్లారు. ఆ పేరు చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే.

మన దేశపు కంపెనీ అయితే ఇలా చేయదంటారా? కూ గుర్తుందా, పసుపుపచ్చ పిట్ట బొమ్మ? బెంగళూరువాళ్లది. 2020లో వచ్చింది, తెలుగులో హాయిగా రాసుకునేవాళ్లం. డబ్బు సర్దలేక 2024 జులైలో మూసేశారు. మన దేశం, మన భాష, అయినా నిలవలేదు. అంతకుముందు ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది. టిక్‌టాక్‌ని 2020లో మన ప్రభుత్వమే ఆపేసింది. ఆపింది ఎవరైనా కానీండి, అక్కడ కూడబెట్టుకున్న మనుషులు మాత్రం చెల్లాచెదురైపోయారు. 2021 అక్టోబరు 4 రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి, దాదాపు ఆరు గంటలు. ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి కాబట్టే మూడూ కలిసి పడ్డాయి.

మరి ఒక్క కంపెనీ చేతిలో లేని రెండో రకం ఏమిటంటారా? మీది ఒక కంపెనీ సిమ్, నాది ఇంకో కంపెనీది. అయినా రోజూ మాట్లాడుకుంటున్నాం. 2011 నుంచి నంబరు అదే ఉంచుకుని దేశంలో ఎవరైనా కంపెనీ మారొచ్చు. మాస్టొడాన్ పద్ధతి దానికి దగ్గర. జర్మనీలో ఆయ్గెన్ రోచ్కో అనే కుర్రాడు 2016లో మొదలుపెట్టాడు. అదంతా ఒక్క చోట ఉండదు. వేల సర్వర్లు, ఒక్కోటి ఒక్కొక్కరు నడుపుతారు: ఒకచోట కాలేజీ, ఒకచోట సంఘం, ఒకచోట ఒక్క మనిషే. మీ చిరునామాలో మీ పేరు ఒకటి, మీరుండే సర్వరు పేరు ఇంకోటి, ఈమెయిల్‌లో ఉన్నట్టే. మీరు ఒక సర్వర్లో ఉన్నా ఇంకో సర్వర్లో ఉన్న నేను మీ ముగ్గు చూస్తాను, బాగుందని రాస్తాను. సర్వర్లన్నీ ఇలా మాట్లాడుకోవడానికి యాక్టివిటీపబ్ అని ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ 2018లో దాన్ని ఆమోదించింది.

అక్కడ నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. ఎవరు ఎప్పుడు పెడితే అదే వరుసలో కనిపిస్తుంది, మధ్యలో ప్రకటనలు ఉండవు. బొమ్మ పెడితే చూపు లేనివాళ్ల కోసం అందులో ఏముందో రాయడం అక్కడ మర్యాద. మీకు చుక్కల లెక్క రాసే అలవాటు ఎలాగూ ఉంది కదా. ఎన్ని చుక్కలు, ఎక్కడ మొదలు, గీత ఎటు తిరిగింది అని మీరు రాస్తే చూడలేని మనిషి కూడా ఆ ముగ్గును మనసులో వేసుకోగలరు.

కానీ ఒక్కటి మీకు ముందే చెప్పాలి. మీ తోడికోడళ్లు, మీ పిన్ని పిల్లలు, రంగుల ముగ్గుపిండి కొనేవాళ్లు ఎవరూ అక్కడ లేరు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లు పోసి ట్విట్టర్ కొన్నప్పుడు జనం మాస్టొడాన్‌కి పోటెత్తారు. తమవాళ్లు రాకపోయేసరికి ఎంతోమంది వెనక్కి వచ్చేశారు. ఉగాదికి ముగ్గుపిండి అమ్ముడుపోవాలంటే మీరు పెద్ద కంపెనీ దగ్గర కూడా ఉండక తప్పదు. దానికి నేను అడ్డు చెప్పను.

సర్వరు నడిపేవాళ్లూ మనుషులే. చందాలతో నడుపుతారు. విసుగొస్తే మూసేస్తారు. మర్యాదగలవాళ్లు నెలల ముందే చెబుతారు. అప్పుడు ఇంకో సర్వరుకి మారితే మిమ్మల్ని అనుసరించేవాళ్లు మీ వెంట వస్తారు గానీ పాత పోస్టులు రావు. అక్కడ చాటుగా రాసిన సందేశాలకు తాళం ఉండదు, సర్వరు యజమాని తలుచుకుంటే చదవగలడు. కాబట్టి ఇంటి విషయాలు అక్కడ రాయకండి. ఇంకో చిత్రం వినండి. ఒక సర్వరు పేరు చివర అఫ్గానిస్తాన్ దేశపు గుర్తు ఉండేది. 2024లో తాలిబాన్ ప్రభుత్వం ఆ పేరునే ఆపేసింది. ఆ చిరునామాతో ఉన్నవాళ్లు ఏం చేస్తారు చెప్పండి!

బ్లూస్కై అనే ఇంకో చోటు సంగతీ అడిగింది మీ అమ్మాయి. 2024 ఫిబ్రవరి నుంచి ఎవరైనా చేరొచ్చు. అందులో మన పోస్టులన్నీ మూటగట్టుకుని ఇంకో సర్వరుకి పోయే ఏర్పాటుంది, ఆ విషయంలో మాస్టొడాన్ కంటే మేలే. అయితే ఇప్పటికీ ఎక్కువమంది ఆ కంపెనీ సొంత సర్వర్లలోనే ఉన్నారు. అందుకని నాకు దానిమీద ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదు.

నన్నడిగితే మీ ముగ్గులకి అసలు చోటు మాస్టొడాన్ కావాలి. ముందు అక్కడ పెట్టండి, తర్వాత అదే బొమ్మను పెద్ద కంపెనీ పేజీలోనూ పెట్టండి. ఒకచోట ఆపేసినా రెండోచోట ‘ఇక్కడున్నాను’ అని చెప్పుకునే వీలుంటుంది. అంతకంటే ముందు ఫోన్లో మిగిలిన ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని అమ్మాయికి చెప్పండి, చుక్కల లెక్కలు పుస్తకంలో రాసిపెట్టండి.

అమ్మాయి సర్వరు ఎంచుకునేటప్పుడు దాని పరిచయం పేజీ పూర్తిగా చదవమనండి. ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది, మూసేస్తే ఎన్నాళ్ల ముందు చెబుతారు అన్నవి అందులో రాసి ఉండాలి. ఆ మూడూ లేని చోట మాత్రం మీ ముగ్గు ఒక్కటి కూడా పెట్టకండి వదినగారూ.