గొడుగు తిప్పించకు వదినా

వదినా, డిష్ కుర్రాడికి ఫోన్ చేసేశావా? చెయ్యకపోతే మంచిదే. ఒక్కసారి గోడ దగ్గరికి రా. టీవీలో బొమ్మ ముక్కలైపోతోందనీ, పైనున్న ఉపగ్రహం ముసలిదైపోయిందేమోననీ పొద్దున అన్నావు కదా, అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

ముసలితనం వాటికీ ఉంది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, మన డిష్ గొడుగుకి ఎప్పుడూ ఒక్కచోటే కనబడాలి. సూర్యచంద్రులేమో పక్కకి లాగుతూంటారు. కాస్త కాస్త ఇంధనం చిమ్ముకుంటూ మళ్లీ చోటుకి రావాలి. అది అడుగంటిందంటే పని అయిపోయినట్టే.

మన ఉపగ్రహం ఇన్శాట్-4బికి మాత్రం వయసులో ఉండగానే దెబ్బ తగిలింది. 2007 మార్చిలో పైకి వెళ్లింది. 2010 జులైలో దాని రెండు సౌర పలకల్లో ఒకదాని కరెంటు అందకుండా పోయింది. ఇస్రో వాళ్లు సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సొచ్చింది. దూరదర్శన్ ఉచిత డిష్షూ, సన్ డైరెక్టూ దానిమీదే నడిచేవి. సన్ డైరెక్ట్ వాళ్లు మలేషియా ఉపగ్రహం మీశాట్-3 మీదికి మారారు. అది రెండంటే రెండు డిగ్రీలు పక్కన. పైన అంతే తేడా, కింద ఎన్ని డాబాలకి నిచ్చెనలు వెయ్యాలో చూడు! ఒక్కో గొడుగూ మనిషి ఎక్కి తిప్పాల్సిందే.

అందుకే కొత్తదాన్ని పాతదాని చోటుకే పంపడం ఎంతో మేలు. 2015 నవంబరులో వెళ్లిన జీశాట్-15ని 4బి ఉన్న 93.5 డిగ్రీల దగ్గరే నిలిపారు. అలాగైతే ఇంటిమీద గొడుగు కదపక్కర్లేదు.

ఆ 4బి చివరి రోజులు తలుచుకుంటే నాకు గొప్పగా అనిపిస్తుంది. అంత దెబ్బతిని కూడా ఇంకో పదకొండేళ్లు లాక్కొచ్చింది. 2022 జనవరిలో, మిగిల్చి ఉంచిన ఇంధనంతో పదకొండుసార్లు నెట్టి, 340 కిలోమీటర్లు ఇంకా పైకి చేర్చి, అక్కడ ఆపేశారు. వందేళ్లదాకా మళ్లీ ఈ దారికి అడ్డు రాదట. అద్దెకున్నవాళ్లు ఇల్లు శుభ్రంగా ఊడ్చి తాళంచెవి ఇచ్చి వెళ్లినట్టు లేదూ?

ఇంతకీ నీ బొమ్మ సంగతి. ఇందాక మేడెక్కి చూశాను. నీ గొడుగు ఆగ్నేయానికి తిరిగి ఉంది. సరిగ్గా దానికెదురుగా మా మునగకొమ్మ వాలింది. మొన్నటి వానలకి బాగా గుబురెక్కింది. తప్పు మాది వదినా, సాయంత్రం కొట్టించేస్తాను. కాయలు మీ వైపే పడతాయి, ఏరి ఉంచుకో.