కళ్ళద్దాలు – కడలి లోతులు

విశాఖవాసులమైన మాకు సముద్రము పొరుగిల్లు వంటిది. అయినను కళ్ళద్దాలు ధరించు మాబోటివారు ఋషికొండ తీరమున స్కూబా డైవింగుకు జంకుచుందురు.

కారణము లేకపోలేదు. మాస్కు అంచు ముఖమునకు అంటుకొన్ననే నీరు చొరదు; కళ్ళద్దాల కాడలు ఆ బిగింపును చెడగొట్టును. నీటి అడుగున వస్తువులు సుమారు మూడవ వంతు పెద్దవిగా తోచును గనుక స్వల్ప హ్రస్వదృష్టి గలవారు సర్దుకొనగలరు. తక్కినవారు తమ పవరుగల అద్దములను మాస్కులోనే బిగింపించుకొనవచ్చును; లేదా మెత్తని కాంటాక్టు లెన్సులు ధరింపవచ్చును. గాలి చొరని గట్టి లెన్సుల క్రింద బుడగలు చిక్కుకొనును. శస్త్రచికిత్స చేయించుకొన్నవారు వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు ఆగవలెను.

మిత్రులారా! ఇదంతయు చేపల సొగసు చూచుటకు మాత్రమే కాదు. గాలి మీటరు ముల్లును, తోడివాని చేతిసైగను గుర్తింపలేనివానికి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ముందు కంటివైద్యుని, పిదప సముద్రమును దర్శింపుడని మా మనవి.