నెలకొక పూట హోటలు

ఆలుమగలు ఇద్దరూ హోటలుకు వెళ్లి తినిరావడం గూడా ఒక విషయమేనా, దానిమీద పత్రికకు వ్యాసం రాయాలా అని చదువరులు నవ్వుకోవచ్చు. చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. పదో తరగతి ప్యాసైన ఏడే మా నాయన ఉద్యోగంలో ఉండగా కాలం చేశారు. తర్వాత కొన్నేళ్లకు కారుణ్య నియామకం కింద నాకు గుమాస్తా పని దొరికింది. అది మొదలు డెంకణికోటలో ఫైళ్లు కట్టుకుంటూ కూర్చున్నాను. గుమాస్తాకు కవిత్వం రాదు గాని లెక్క వస్తుంది. అంచేత ఈ నాలుగు మాటలూ లెక్కప్రకారమే మనవి చేస్తాను.

మా ఊరు ఎరుగనివారికి ఒక్క మాట. హోసూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, బేటరాయస్వామి గుడి ఉన్న ఊరు మాది. 2004లో ధర్మపురి జిల్లానుంచి విడదీసి క్రిష్ణగిరి జిల్లా చేసినప్పుడు మేము అందులోకి వచ్చాము. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, సంతలో ఎవరు ఎదురైతే వారి భాష, కన్నడమైనా సరే. తిండి విషయానికి వస్తే మాది రాగుల సీమ. పొద్దున సంగటి తిని పొలానికి పోయిన తాతల మనుమలం. హోటలు తిండి మాకు అలవాటుగా వచ్చింది కాదు, ముచ్చటగా వచ్చింది.

2006లో నాకు పెళ్లయింది. మా ఇంటావిడది కుప్పం వైపు పల్లె. కొత్త సంసారం గదా, జీతం వచ్చిన తర్వాత వచ్చే మొదటి శనివారం సాయంకాలం ఇద్దరమూ హోసూరు పోయి, కొండమీద చంద్రచూడేశ్వరస్వామి దర్శనం చేసుకుని, దిగి వచ్చి హోటల్లో టిఫిను తినాలని ఏర్పాటు చేసుకున్నాను. ఈ సంగతి చెప్పేసరికి మా అమ్మ, “ఎందుకురా, ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా?” అంది.

అమ్మ మాటలో తప్పు లేదు. ఆమె కాలంలో హోటలు అంటే పరాయి ఊరు పోయినవారికి, ఇంట వండిపెట్టే దిక్కు లేనివారికి. మగవారు బస్టాండు దగ్గర కాఫీ తాగేవారు. ఆడవారికి కావాలంటే నాలుగు ఇడ్లీలు ఆకులో చుట్టించుకుని వచ్చేవారు. సంసారపక్షంగా వచ్చేవారికోసం కొన్ని హోటళ్లలో ఒక మూల తెర కట్టి ‘ఫ్యామిలీ రూము’ అని బోర్డు పెట్టేవారు. ఆ తెర వెనక కూర్చుని తిని, తల వంచుకుని బయటికి రావడమే అప్పటి మర్యాద. మేము మొదటిసారి వెళ్లిన హోటల్లో తెర లేదు గాని, మా ఆవిడ తనంతట తానే గోడవైపు తిరిగి కూర్చుంది.

“ఏం తింటావు?” అన్నాను. “మీరేది చెబితే అదే” అంది. రెండు మసాలా దోసెలు చెప్పాను. ఆ విధంగా ఏడాదిపాటు ప్రతి నెలా రెండు మసాలా దోసెలే. ఆమె దోసె మధ్యలోని కూర నా పళ్లెంలో వేసేది. నామీద ప్రేమకొద్దీ పెడుతోందని నేను ఎంతో సంతోషంగా తినేవాణ్ణి. ఏడాది తిరిగాక ఒకరోజు వడ్డించే అబ్బాయి తెలుగువాడు కావడంచేత, ఆమె ధైర్యం చేసి, “నాయనా, ఉర్లగడ్డ లేకుండా ఉత్త దోసె ఉందా?” అని అడిగింది. అప్పటికిగాని నాకు తెలియలేదు, ఆమెకు ఉర్లగడ్డ పడదని!

నాకొక పుస్తకం ఉంది. ఆఫీసు అలవాటుకొద్దీ వెళ్లిన ప్రతి పూటా తేదీ, ఊరు, తిన్న పదార్థం, అయిన ఖర్చు అందులో గీతలు గీసి రాసుకున్నాను. 2006లో మొదటి పద్దు: దోసెలు రెండు, కాఫీలు రెండు, రు. 52. తర్వాతి పుటల్లో పూరీ వచ్చింది, రవ్వ దోసె వచ్చింది, అమ్మాయి పుట్టాక దానికొక రసగుల్లా వచ్చి చేరింది. 2017 నవంబరు తర్వాతి పద్దుల్లో హోటలు బిల్లుమీద 5 శాతం జి.ఎస్.టి. గూడా వేరుగా చూపించాను. ఆడిటుకు వచ్చినవారెవరూ దానిలో తప్పు పట్టలేరు.

తప్పు పట్టింది మా ఆవిడే. ఒకనాడు ఆ పుస్తకం తిరగేసి, “ఏం తిన్నామో రాశారు, ఎంతయిందో రాశారు. ఏం మాట్లాడుకున్నామో ఎక్కడా రాయలేదే!” అంది. “మాటలకు బిల్లు లేదు గదా” అన్నాను. ఆమె నవ్వలేదు.

ఏడాదికొకసారి పెళ్లిరోజున బెంగుళూరు పోయేవాళ్లం. హోసూరునుంచి 40 కిలోమీటర్లే. ఒక ఏడు లాల్‌బాగ్ రోడ్డులోని మావళ్లి టిఫిన్ రూమ్స్‌కు వెళ్లాము. 1924లో మొదలైన హోటలు అది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కరువు వస్తే, రవ్వతో ప్రయత్నం చేసి రవ్వ ఇడ్లీ తామే కనిపెట్టామని వారు చెబుతారు. మా ఆవిడ ఆ ఇడ్లీని విరిచి చూసి, “కరువులో పుట్టినదానికి ఇంత నెయ్యి ఎక్కడినుంచి వచ్చింది?” అంది.

2016లో పెళ్లయి పదేళ్లు నిండిన సందర్భంలో గాంధీబజారులోని విద్యార్థి భవన్‌కు పోయాము. అది 1943నాటిది. అక్కడ చూడవలసింది దోసె ఒక్కటే కాదు. వడ్డించే ఆయన దోసెల పళ్లేలు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒంటిచేత్తో గోపురంలా మోసుకు వచ్చి, బల్లబల్లకూ పంచిపెడతాడు. మా ఆవిడ తన పళ్లెం చూడకుండా ఆయన చెయ్యే చూస్తూ కూర్చుంది.

“ఏమిటలా చూస్తున్నావు?” అన్నాను.

“అందరివీ ఒక్కసారే వేడిగా వచ్చాయి చూడండి” అంది. కాసేపు ఆగి, “పదేళ్లుగా నేను వేడి దోసె తినేది నెలకొక పూటే. హోటలుకు వచ్చినప్పుడే” అంది.

నేను గుమాస్తాను గనక లెక్క వేసి చూసుకున్నాను. హోటల్లో పెద్ద పెనం మీద ఒక్కసారికి వరసగా ఎన్నో దోసెలు పోస్తారు. ఇంటి పెనం మీద ఒక్కసారికి ఒక్కటే. పోసేవారు తినలేరు; తినేవారు ఆగలేరు. అమ్మకు రెండు, నాకు నాలుగు, అమ్మాయికి ఒకటిన్నర. అందరివీ అయ్యాక పొయ్యి ఆర్పి, చల్లారిన చివరి దోసెలు నిలబడే తిని, మా ఆవిడ గిన్నెలు కడగడానికి పోతుంది. పదేళ్లు నా కళ్లెదుటే జరిగిన పని అది. నేను చూడలేదు. ఆ రోజు గూడా తెలిసిందే తప్ప, చేసిందేమీ లేదు. పుస్తకంలో ‘దోసెలు రెండు’ అని రాసి ఊరుకున్నాను.

ఆ ఏడే మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దగా అయింది. హోటలు మాట మరిచాము. రెండేళ్లపాటు నా పుస్తకంలో ఒక్క పద్దూ లేదు. నేను పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసుకు పోతే సాయంకాలం ఆరు దాటాక వచ్చేవాణ్ణి. అమ్మను లేపడం, కడగడం, తినిపించడం, గుడ్డలు మార్చడం అన్నీ మా ఆవిడే. ‘కోడలు బంగారం’ అని చుట్టాలు మెచ్చుకుంటే, అది నాకు వచ్చిన మెప్పుగా భావించి తల ఊపేవాణ్ణి.

2018లో కెలమంగలంనుంచి మా చెల్లెలు వచ్చి, “నేను అమ్మను చూసుకుంటాను, మీరిద్దరూ ఒక పూట అలా పోయి రండి” అని బలవంతం చేసి పంపింది. హోసూరులో మా పాత హోటలుకే పోయాము. దోసె వచ్చింది. మా ఆవిడ ఒక ముక్క తుంచి, దాన్ని నోట పెట్టకుండానే, “ఏమండీ, నాకు చాతకావడం లేదు” అంది.

ఇంట్లో అనలేని మాట అది. ఇంట్లో మూడు గదులు; అమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి. వంటింట్లో గుసగుసగా చెబితే అమ్మకు తెలుస్తుంది. రాత్రి చెబుదామంటే నేను పడుకోగానే నిద్రపోతాను. రెండేళ్లు దాచుకున్న మాటను ఆమె పాతిక కిలోమీటర్లు మోసుకువచ్చి నా ముందు పెట్టింది. నడుము నొప్పి, నిద్ర లేకపోవడం, అమ్మాయి చదువు చూడలేకపోవడం ఒక్కొక్కటే చెప్పింది. చుట్టుపక్కల బల్లలవారికి మన భాష తెలియదనుకుందో, తెలిసినా ఫరవా లేదనుకుందో, తెలుగులోనే చెప్పింది.

నాకు కోపం వచ్చింది. “అయితే మా అమ్మను ఏం చెయ్యమంటావు?” అని గట్టిగా అన్నాను. చుట్టూ ఉన్నవారు మావైపు తిరిగి చూశారు. దోసె సగంలో వదిలి లేచాను. బస్సులో ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో కూర్చుని డెంకణికోట చేరాము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పద్దు రాద్దామని పుస్తకం తీశాను. ‘దోసెలు రెండు, కాఫీలు లేవు’ అని రాశాక, ముందరి పుటలు తిరగేశాను. పదేళ్ల మొత్తం ఖర్చు కూడితే వచ్చింది గాని, ఒక్క పూటనాటి మాట గూడా నాకు జ్ఞాపకం రాలేదు. ఆమె అన్నవి రెండే జ్ఞాపకం వచ్చాయి. ఉర్లగడ్డ సంగతి ఒకటి, వేడి దోసె సంగతి ఒకటి. రెండూ ఆమె హోటల్లోనే చెప్పింది. రెంటికీ నేను బదులు చెప్పలేదు.

మరునాడు ఉదయం అయిదింటికి లేచి అమ్మ గదిలోకి నేనే పోయాను. మొదట అమ్మ ఒప్పుకోలేదు. మగపిల్లవాడు చేసే పనా అని ఏడ్చింది. నాలుగు రోజులకు అలవాటుపడింది. ఉదయంపూట అమ్మ పనులు నావి. శని ఆదివారాలు చెల్లెలు నెలకు రెండుసార్లు వచ్చేటట్లు మాట్లాడుకున్నాము. పగటిపూట ఒక గంట సాయానికి పక్కవీధిలోని ఒకామెను కుదుర్చుకున్నాము. దానికయ్యే ఖర్చు నా ద్విచక్రవాహనం పెట్రోలులో తగ్గించి, ఆఫీసుకు నడిచిపోయాను. పెద్ద త్యాగమేమీ కాదు. ముందే చెయ్యవలసిన పని.

మరుసటి నెల జీతం వచ్చాక, హోటలుకు పోదామా అని అడగడానికి నాకు మొగం చెల్లలేదు. చెల్లెలు అప్పటికే మాలో మాలో జరిగింది అమ్మకు చెప్పినట్టుంది. అమ్మే నన్ను పిలిచి, ముద్దమాటతోనే, “పొయ్యి ఆర్పి పోండి” అంది. పన్నెండేళ్లనాడు ‘పొయ్యి ఆరిపోయిందా’ అని అడిగిన మనిషి! మా ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

2020లో లాక్‌డౌను వచ్చి హోటళ్లలో కూర్చుని తినడం నిలిచిపోయింది. పార్సిలు మాత్రం ఇచ్చేవారు. ఒకసారి తెచ్చాను. ఇంటికి వచ్చేసరికి దోసె చెమటపట్టి మెత్తబడి ఉంది. ఇడ్లీని మూటకట్టవచ్చును గాని, వేడి దోసెను మూటకట్టడానికి రాదు. ఆ రాత్రి నేనే పెనం దగ్గర నిలబడ్డాను. మొదటిది అంటుకుపోయింది, రెండవది మాడింది, మూడవది దేశపటంలా వచ్చింది. అయినా దాన్ని పొగలు కక్కుతుండగానే మా ఆవిడ పళ్లెంలో వేశాను. పక్కన ఆమె నూరిన చెనక్కాయల ఊరుబిండి. అమ్మ, అమ్మాయి, ఆవిడ తిన్నాక, చివరి రెండూ చల్లారినవి నిలబడి తిన్నాను. ఆ చల్లని దోసె తింటేగాని పదేళ్ల సంగతి నాకు నోటికి తెలియలేదు.

మరుసటి ఏడు అమ్మ వెళ్లిపోయింది. మేము మళ్లీ నెలకొకసారి హోసూరు పోతున్నాము. 2021 నుంచి మా రాష్ట్రంలో మామూలు టౌను బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు గనక, అలాంటి బస్సు దొరికిన రోజున ఆమె, “నా టిక్కెట్టు డబ్బుకు మైసూర్‌పాకు” అని లెక్క చెబుతుంది. ఇప్పుడు హోటళ్లలో వడ్డించేవారు చాలామంది ఒడిశా, అస్సాం వైపునుంచి వచ్చిన పిల్లలు. వారికి మన తెలుగూ రాదు, తమిళమూ అంతంతమాత్రం. మా ఆవిడ వచ్చీరాని హిందీలో ఉర్లగడ్డ వద్దని వారికి చెప్పగలుగుతుంది. గోడవైపు తిరిగి కూర్చోదు. ఏం తింటావని నేను అడిగేలోపలే చెబుతుంది.

సోదరులకు నాదొక మనవి. మీ ఇంట్లో వంట ఎంత రుచిగా ఉన్నా సరే, నెలకొక పూట మీ ఆవిడను బయటికి తీసుకుపోండి. పెద్ద హోటలే కానక్కరలేదు. బస్టాండు దగ్గరి కాఫీ హోటలైనా చాలు. అక్కడ ఆవిడ లేచి వడ్డించవలసిన పని లేదు, మీరు లేచి పోవడానికి దారి లేదు. దోసె సగంలో ఉండగా చెప్పరాని మాట ఏదైనా చెబితే మాత్రం, నావలె లేవకండి.

నా పుస్తకంలో ఇప్పుడొక గడి ఎక్కువ గీశాను. పోయిన నెల పద్దు చూపిస్తాను: ఉత్త దోసె ఒకటి, మసాలా దోసె ఒకటి, మైసూర్‌పాకు ఒకటి, కాఫీలు రెండు. మాటలు: అమ్మాయి కాలేజీ ఫీజు గురించి, వాళ్ల అమ్మగారి కంటి ఆపరేషను గురించి. ఇద్దరిలో ఎవరు ముందు పోతే మిగిలినవారు ఎవరితో హోటలుకు పోవాలి అన్నదాని గురించి గూడా మాట్లాడుకున్నాము. దానికి జవాబు దొరకలేదు. వచ్చే నెలకు వాయిదా.