రాయి దాచుకున్న దిక్కు

ఉత్తర స్పెయిన్‌లోని కాంటాబ్రియన్ కొండల రాతి పొరలు భూగర్భ పటంలో కొడవలిలా వంగి ఉంటాయి. పుట్టుకతోనే ఆ వంపా, తర్వాత వచ్చిందా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదల్లేదు.

జవాబు సున్నపురాళ్లలో ఉంది. వాటిలోని మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజపు అతిసన్నని రేణువులు ఒకనాటి భూ అయస్కాంత క్షేత్రం దిశను పట్టి ఉంచాయి. రెండున్నర సెంటీమీటర్ల వ్యాసంతో రాతిని తొలిచి, పెకలించే ముందే అది ఏ దిక్కున ఉందో గీత గీస్తారు. ప్రయోగశాలలో అంచెలంచెలుగా వేడిచేస్తే తర్వాత అంటిన బలహీన అయస్కాంతత్వం తొలగి, పాతది బయటపడుతుంది. ఎంత ఓపిక కావాలో!

వంపు వెంట ఆ దిశలూ కొండలతోపాటే తిరిగాయి. అంటే దాదాపు తిన్నగా ఏర్పడిన శ్రేణి, సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం వంగింది. 1955లో భూగర్భ శాస్త్రవేత్త వారెన్ కేరీ ఇలా తర్వాత వచ్చిన వంపులకు ఓరోక్లైన్ అని పేరు పెట్టారు. ఇక్కడ ఆయన ఊహకు రాళ్లే సాక్ష్యం చెప్పాయి.