లాడ్ బజార్ కాడ రెండు రాత్రులు

ఈసారి రాసేది పంట గురించి కాదు. పత్తిలో గులాబీ పురుగు గురించి అడిగిన తమ్ముళ్ళకు విడిగా జవాబు రాస్తాను. ఇది మా ఇంటామె, నేను ఇద్దరం ఊరు విడిచి రెండు రాత్రులు బయట ఉండి వచ్చిన ముచ్చట. నవ్వకండి. పెళ్ళి కాదు, చావు కాదు, దేవుడి మొక్కు కాదు, ఊరికే పెళ్ళాంతో కలిసి ఒక రాత్రి బయట ఉన్నోళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో చెప్పండి. ముప్పై ఏళ్ళల్లో మేము ఒక్కసారి కూడా లేము. ఇంట్లో పాడి ఉన్నోళ్ళకు ఎందుకని చెప్పే పని లేదు.

మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. పోయిన ఏడాది కోడలితో విశాఖపట్నం పోయి, రుషికొండ దిక్కు సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో దిగి వచ్చాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్లో వీడియో చూపించాడు. కిటికీ తెరిస్తే సముద్రం, కింద నీలం నీళ్ళతో ఈత కొలను, దాని చుట్టూ కొబ్బరి చెట్లు, పొద్దున టిఫిన్లు వరుసగా ఎన్ని రకాలో లెక్కే లేదు. మా ఆమె శానాసేపు చూసి, "ముంగట గంత సముద్రం పెట్టుకొని మళ్ళ ఈ గుంత ఎందుకు తవ్విండ్రురా?" అని అడిగింది.

వాడు నవ్వి, "మీకు కూడా రెండు రాత్రులు బుక్ చేస్తా నాయినా, పోయిరండి" అన్నాడు. ఎంత అంటే రాత్రికి తొమ్మిది వేలు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. 2024-25లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు. రెండు రాత్రులంటే రెండు క్వింటాళ్ళ నలభై కిలోల పత్తి పరుపు మీద పండుకున్నట్టే. శని, ఆదివారాలు ఇంకా ఎక్కువ, వానల్లో తక్కువ అట. ఎందుకురా అంటే, "ఖాళీగ పోయిన రాత్రి మళ్ళ రాదు కదా నాయినా" అన్నాడు. అది నాకు వెంటనే అర్థమైంది. తెల్లారేదాకా అమ్ముడుపోని గది మన కుళ్ళిన టమాట లెక్కనే. కాకపోతే వాళ్ళ టమాటకు వాళ్ళే ధర కట్టుకుంటారు.

మా ఆమె మాత్రం, "సముద్రం యాడికి పోతది, ఉంటది. నన్ను చార్మినార్ కాడికి తోల్కపో. లాడ్ బజార్ల గాజులు చూస్త" అంది. ఆమె పెళ్ళికి మేనమామ అక్కడి నుంచే లక్క గాజులు తెచ్చాడట. గాజులు అన్న మాట వినగానే నా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టైంది. ఎందుకో ముందుకు చెప్తాను.

బర్రెను తమ్ముడి భార్యకు అప్పగించి బయలుదేరాము. బస్సులో ఆమెకు జీరో టికెట్, నాకు పూర్తి టికెట్. ఆ గొప్ప దిగేదాకా పోలేదు ఆమెకు. ఎంజీబీఎస్‌లో దిగి నయాపుల్ మీదుగా మూసీ దాటి, మదీనా, పత్తర్‌గట్టి చూసుకుంటూ నడిచాము. దారిలోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాము, రోజుకు పదకొండు వందలు. సముద్రం లేదు, కొలను లేదు. కిటికీ ఉంది. ఇద్దరి ఆధార్ కార్డులూ అడిగారు. "ఈ వయసుల మనం లేచిపోయి వచ్చినమనుకున్నరా ఏంది?" అని మా ఆమె మెట్లు ఎక్కేటప్పుడు మెల్లగా అంటే నాకు నవ్వు ఆగలేదు.

తెలియనోళ్ళకు చెప్తాను. చార్మినార్ 1591లో కులీ కుతుబ్‌షా కట్టించింది. దానికి పడమటి దిక్కు సన్నగా పోయే సందే లాడ్ బజార్. రెండు పక్కలా గాజుల దుకాణాలే. దీపాలు పెట్టినాక ఆ గాజులకు అతికిన రాళ్ళు, అద్దాలు ఒక్కసారి మెరుస్తుంటే కళ్ళు నిలవవు. మా ఆమె ఒక దుకాణం కూడా విడవకుండా చూసింది. ఒక్కటి కూడా చేతికి తీసుకోలేదు. రెండు చేతులూ కొంగులో పెట్టుకొని నడిచింది. ఏమైనా తీసుకో అంటే, రేపు అంది.

ఆ రాత్రి నిద్ర పట్టినట్టే పట్టింది. నాలుగింటికి ఇద్దరికీ మెలకువ వచ్చింది. అలవాటు. కానీ లేచి చేసే పని లేదు. పాలు పిండేది లేదు, మోటరు వేసేది లేదు. ఆమె కిటికీ కాడ కూర్చుంది. కింద బజారంతా షట్టర్లు వేసి ఉంది, ఒకామె రోడ్డు ఊడుస్తున్నది. కొద్దిసేపటికి మసీదుల నుంచి అజాన్ మొదలైంది. అది అయిపోయినాక ఆమె నా దిక్కు చూడకుండానే అడిగింది.

"బోరు ఎన్ని ఫీట్లు పోయింది అప్పుడు?"

ఏ బోరో చెప్పక్కర్లేదు. 2015 కరువు మీకూ గుర్తుండే ఉంటుంది. నాలుగు వందల ఇరవై ఫీట్లు దించితే దుమ్ము లేచింది. ఆ డబ్బు ఆమె బంగారు గాజులు, రెండు తులాలు. కుదువ పెట్టాను, విడిపించలేదు, వడ్డీ కిందనే పోయినయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా పదేళ్ళల్లో ఒక్కనాడు నోరు విప్పలేదు. సరే, మరిచిపోయింది అనుకున్నాను. మగోళ్ళం అట్లనే అనుకుంటాం.

"గాజులు పోయినయని కాదు నా బాధ" అంది. "నేను నాటుకు పోయిన్నాడు బీరువ తీసి తీస్కపోయినవ్. అడిగితే నేనే చేతికి ఇస్తుంటి. అడగలే."

నేను ఏం చెప్పాలె? చెప్తే బోరు వద్దంటావేమో అని భయపడ్డా, అన్నాను. "వద్దనేదాన్నే" అంది. "దుమ్మే పడె కదా మరి."

చీకట్లో ఇద్దరం అట్లనే కూర్చున్నాము. తప్పైంది అన్నాను. ఆ మాట నా నోట్లో నుంచి రావడానికి పదేళ్ళు, రెండు పూటల బస్సు, ఒక లాడ్జి గది పట్టినయి. ఆమె ఏమీ అనలేదు. టీ తాగుదాం పా అంది.

టీ తాగుతుంటే ఊరి నుంచి ఫోన్. బర్రె చేపలేదట, మరదలిని దగ్గరికే రానియ్యలేదట. మా ఆమె ఫోన్ స్పీకర్ పెట్టి బర్రె చెవి కాడ పెట్టమని చెప్పి, రోడ్డు మీదనే దాన్ని పిలవడం మొదలుపెట్టింది. పక్కన టీ తాగేటోళ్ళు మమ్మల్ని చూసిన చూపు నేను మర్చిపోను. అరలీటరు పిండిందట చివరికి.

ఆ సందులో దుకాణాలు పొద్దెక్కినాక గాని తెరవరు. తెరిచినాక ఒక పెద్దమనిషి బొగ్గుల కుంపటి ముందు కూర్చొని గాజు చేస్తుంటే నేను అక్కడే నిలబడిపోయాను. లక్క ముద్దను వేడి చేసి మెత్తబడంగనే పుల్లలాగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయి అందులో దిగేస్తున్నాడు. ఆలస్యమైతే గట్టిపడుతుంది, మళ్ళీ వేడి చూపించాలె.

ఆ లక్క ఎట్ల వస్తదో తెలుసా మీకు? పురుగు పెట్టేది. మోదుగ, రేగు కొమ్మల మీద రసం పీల్చి బతికే పురుగు, తన ఒంటి చుట్టూ కట్టుకునే గూడే లక్క. మనం పత్తిలో మందు కొట్టి చంపే పిండినల్లికి దాయాది అది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లో రైతులు కావాలని ఆ పురుగును చెట్టుకు ఎక్కించి పంటలాగా తీస్తారు. దాని మీద పరిశోధన కోసం రాంచీ దగ్గర 1924లోనే సంస్థ పెట్టారు. మన గట్ల మీద మోదుగ చెట్లను విస్తరాకులకు, హోలీ రంగుకు తప్ప ఎన్నడన్నా లెక్కలోకి తీసుకున్నమా? హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది.

మా ఆమె కొంగులో నుంచి చేతులు తీసింది. కలుపు తీసి తీసి వేళ్ళ కణుపులు లావైనయి. కణుపు దాటే గాజు మణికట్టు మీద వదులు, మణికట్టుకు సరిపోయేది కణుపు దాటదు. ఆ పెద్దమనిషి ఏమీ అనుకోకుండా నాలుగు సైజులు మార్చి మార్చి తొడిగి చూశాడు. ఆమె ముదురు ఆకుపచ్చవి ఎంచుకుంది. నాలుగు గాజులు ఎనిమిది వందలు అన్నాడు.

నేను నాలుగు వందల కాడ మొదలుపెట్టాను. రాళ్ళు అతికింది సరిగ్గా లేదన్నాను, పక్క దుకాణంలో తక్కువ అన్నాను. మనకు మార్కెట్లో చేసేటోళ్ళు ఎట్ల చేస్తారో అచ్చం అట్లనే. మా ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"తేమ ఉందని నీ పత్తికి వాడు తరుగు తీసిన్నాడు ఇంటికొచ్చి అన్నం తినకుండ పన్నవ్, యాదికుందా?"

నేను గమ్మున నిలబడ్డాను. ఆమె ఆయన దిక్కు తిరిగి, "అన్నా, నీకు గిట్టుబాటు ఎంతనో చెప్పు, అదే ఇస్తం" అంది. ఆయన ఒక్క నిమిషం చూసి ఏడు వందలు అన్నాడు. నేను అంత గీసి గీసి అడిగినా ఒక్క రూపాయి తగ్గనోడు!

ఇంకో రాత్రి కూడా అక్కడే ఉన్నాము. మోకాళ్ళ నొప్పితో ఆమె చార్మినార్ ఎక్కలేదు. దక్షిణం దిక్కు గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది, వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించింది, తర్వాత ఆరో నిజాం చేతికి పోయింది, 2010 నుంచి హోటల్. ఆటోలో పోయి కింద నుంచే చూసి వచ్చాము. నూటొక్క మంది ఒకేసారి కూర్చొని తినే బల్ల ఉందట లోపల. "గిన్నెలు ఎవరు కడుగుతరో పాపం" అంది మా ఆమె.

వచ్చినాక గాజులను పొయ్యికి దూరంగా, బియ్యం డబ్బా వెనక రేకు పెట్టెలో పెట్టింది. సెగ తగిలితే మెత్తబడతయని ఆయన చెప్పి పంపాడు. మొన్న మా అబ్బాయి ఫోన్ చేసి సముద్రం హోటల్ మళ్ళీ గుర్తు చేశాడు, డబ్బులు అట్లనే ఉన్నయి కదా అని. మా ఆమె ఫోన్ తీసుకుంది.

"బర్రె ఒట్టిపోయినంక పోతం బిడ్డా. అప్పటిదాక సముద్రాన్ని ఆడనే ఉండమను."