తాలింఖానా జమాఖర్చులు

కర్ర తిప్పడం నేర్చుకొనుటకు మాకు ఆరేండ్లు పట్టినది. అది నేర్పుతూ నెలనెలా అద్దె చెల్లించుట మాత్రం మాకు నేటికీ సరిగా పట్టుబడలేదు. కొల్లేటికోటలో మేము ముగ్గురు మిత్రులం కలిసి నడిపిన తాలింఖానా సంగతి ఇది. అందులో వీరగాథలేవీ లేవు గాని, లెక్కల పుస్తకమొకటి ఉన్నది.

ఉర్దూ చదివే మిత్రులకు 'తాలీమ్' అనగా విద్య అని వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగువారి నోట తాలీమ్‌ఖానా తాలింఖానా అయినది. ఉస్తాదు వస్తాదు అయినాడు. చిత్రమేమనగా జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అనే మాటలు కూడ ఆ దారినే వచ్చి మన భాషలో స్థిరపడినవి. మా వస్తాదుగారు మాత్రం మొదటి రెండు మాటలనే మాకు అప్పగించి, తక్కిన వాటిని గూర్చి ఏనాడూ నోరు విప్పలేదు. ఆయనకు దర్జీ పని జీవనాధారం. చేరిననాడు శిష్యుడు తాంబూలం, రుమాలు సమర్పించేవాడు. పీర్ల పండుగకు, దసరాకు ఊరు ఇచ్చే ఈనాముతో కర్రలకు, నూనెకు సరిపోయేది. "విద్యకు వెల కడితే బీదవాడి బిడ్డ గడప తొక్కడు నాయనా" అనేవారు. ఆ మాట మేము కాదనలేదు. కాని మాకు కుట్టుమిషను లేదు.

ఇక మా ఖర్చులలో మొదటిది మట్టి. ఈ మాట విని నవ్వని వారు లేరు. కొల్లేటి లంకలలో నేల నల్లనిది, జిగురుది. గోదా త్రవ్వబోతే కొద్ది లోతుకే నీరు ఊరుతుంది. కనుక నూజివీడు మెట్ట ప్రాంతం నుండి ఎర్రమట్టిని ట్రాక్టరులో తెప్పించి, నూనె, పసుపు కలిపి పరచవలెను. బుడమేరు, తమ్మిలేరు పొంగిన ఏట సరస్సు ఉబ్బి లోనికి వచ్చేది. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేర్చేలోపల మా పెట్టుబడి బురదలో కలిసిపోయేది. ఏ కరాటే బడికీ ఇటువంటి పద్దు ఉండదనుకొంటాము.

కరాటే ప్రసక్తి వచ్చినది గనుక మా అసూయను దాచుకొనము. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' తరువాత ఆ విద్యపై యువకులకు కలిగిన మోజు మన పట్టణాలకూ ప్రాకినది. కర్రసాముకు పది రూపాయలు ఇచ్చుటకు సందేహించే తండ్రి, రంగు బెల్టుకు, ధ్రువపత్రానికి సంతోషంగా చెల్లించేవాడు. మాలో ఒకడు మనమూ పరీక్షలు పెట్టి పత్రాలిద్దామన్నాడు. మరొకడు అది విద్యను అమ్ముకొనుట అన్నాడు. వారం రోజులు మాటలు లేవు. తరువాత తెలిసినదేమనగా, జూడో స్థాపకుడైన కానో జిగోరో 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో 12 చాపల గదిలో, ఉపాధ్యాయ వృత్తి చేసుకొంటూనే బోధన ఆరంభించినాడు. మరుసటి ఏడే 'డాన్' అనే అంతస్తులు ఏర్పరచినాడు. అంతస్తు వేరు, అమ్మకం వేరు అని మా వివాదం అక్కడ సద్దుమణిగినది. మన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులై ఉండి, పిమ్మట సర్కసుతో ప్రఖ్యాతులైనారు. మన దేశంలో బలానికి టిక్కెట్టు కొంటారు గాని, బలం నేర్పినందుకు జీతమిచ్చుట అలవాటు లేదు.

డబ్బు రాక ఒక మార్గమున లేకపోలేదు. ఎన్నికల వేళ ఒక పెద్దమనిషి వచ్చి, మా కుర్రవాళ్ళు కర్రలతో ఊరేగింపు ముందు నడిస్తే ఏడాది అద్దె తానిస్తానన్నాడు. నడచుట మాత్రమేనా అని అడిగితే నవ్వినాడు. ఆ నవ్వు మాకు నచ్చలేదు. ఆ సంవత్సరం మాలో ఒకని సైకిలు అమ్ముడుపోయినది.

అన్నిటికన్న పెద్ద దెబ్బ 2006లో తగిలినది. 1999లో 5వ కాంటూరు వరకు కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించి యుండగా, 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను కొట్టివేసినారు. సరస్సుకు అది అవసరమే; కాదనము. కాని మా శిష్యులలో సగం మంది ఇండ్లలో ఆ చెరువుల కూలియే కూడు. నెల జీతాలు ఆగినవి. ఆ నిస్పృహలో మేము చేసిన పని చెప్పక తప్పదు: బాకీ పడినవారి పేర్లు తలుపుమీద అంటించినాము.

మరునాటి నుండి ఒక పిల్లవాడు రాలేదు. ఏడు నెలల బాకీ. అందరిలోకీ మంచి చేయి. పది రోజులకు మేము దోనె కట్టించుకొని వాని ఇంటికి వెళ్ళినాము. తల్లి గుమ్మంలోనే, "ఇంకా సర్దుబాటు కాలేదు బాబూ" అన్నది. పెరటిలో వాడు దోనె గడను పట్టుకొని మేము నేర్పిన వరుసలే ఒంటరిగా సాధన చేస్తున్నాడు. మమ్ము చూచి గడ దించి తల వంచుకొన్నాడు.

ఆ సాయంకాలమే తలుపుమీది కాగితం చించివేసినాము. చిన్నపిల్లలకు మొదటి పాఠాలు వాడు చెప్పవలెనని, అదే జీతమని ఏర్పాటు చేసినాము. వాడు వచ్చినాడు, కాని మాతో ముందటివలె మాటలాడుటకు ఎన్నో నెలలు పట్టినది. పుస్తకంలో వాని పేరున ఏడు నెలల బాకీ నేటికీ అట్లే ఉన్నది. వసూలు చేయుటకు గాని, కొట్టివేయుటకు గాని మా ముగ్గురిలో ఎవరికీ చేయి ఆడలేదు.